పుల్లరి రసీదూ, మ్యూజియం టిక్కెట్టూ

2018లో సంక్రాంతి సెలవులయ్యాక మా తొమ్మిదో తరగతి పిల్లల్ని నాగార్జునకొండ చూపించటానికి తీసుకెళ్లాను. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి కొండ మీదికి చేరాం. అక్కడి మ్యూజియంలో, మునిగిపోయిన లోయ నమూనా ఒకటి వుంది. దాని ముందు పిల్లల్ని నిలబెట్టి ఇక్ష్వాకులు, విజయపురి, మహాచైత్యం, సింహళ విహారం అంటూ వరసగా చెప్పుకుపోతున్నాను. పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాల్లో వున్నదాన్ని నలభై వాక్యాలు చేసి చెప్పగలిగినందుకు నాకు కొంచెం గర్వంగానే వుంది. అంతలో ఒక పిల్ల నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి, "సార్, మా నాయనమ్మా వాళ్ల గొడ్లు ఎక్కడ మేసేయి సార్?" అని అడిగింది. మిగతా పిల్లలు నవ్వారు. ఆ పిల్ల నాయనమ్మ లోయలోని పుల్లారెడ్డిగూడెంలో పుట్టిందట. చిన్నతనంలోనే అక్కణ్ణుంచి లేచి రావలసి వచ్చిందట. నా దగ్గర జవాబు లేదు. "లాంచీకి టైమవుతోంది, పదండి" అన్నాను.

సాహిత్య విమర్శ పత్రికలో గొడ్ల మేత గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. పల్నాడు గురించి మన సాహిత్యకారులు రాసిన వాటిలో బ్రహ్మనాయుడున్నాడు, నాగమ్మ వుంది, బాలచంద్రుడున్నాడు, కోళ్లున్నాయి. గొడ్లు మాత్రం లేవు. పల్నాడు చరిత్రలో ఇటీవలి నూటయాభై ఏళ్లూ తీసుకుంటే అడవి, కొండ, లోయ, శిథిలం, పులి — వీటన్నిటినీ ప్రభుత్వాలు 'రక్షించిన' పద్ధతి ఒక్కటే. ముందు హద్దు గీస్తారు. తర్వాత ఆ హద్దులో బతుకుతున్నవాడి చేతిలో ఒక కాగితం పెడతారు. అది వొకప్పుడు పుల్లరి రసీదు, ఇప్పుడు ప్రవేశ రుసుం టిక్కెట్టు. వాడిది అయినదాన్ని వాడికే అనుమతిగా ఇవ్వటం ఆ కాగితం చేసే పని. ఆ పిల్ల అడిగినదానికి జవాబు వెతుకుతూ పోతే నాకు దొరికింది ఇదే.

పుల్లరి అనే మాటతో మొదలుపెడతాను. 'పుల్లు' అంటే గడ్డి, 'అరి' అంటే పన్ను. కాకతీయులనాటి పన్నుల పేర్లలో ఇల్లరి, మగ్గరిలతో పాటు ఇదీ వినిపిస్తుంది. కాబట్టి పుల్లరిని తెల్లవాడు కనిపెట్టాడనటం సరికాదు. మన దేశభక్తి రచనల్లో ఈ పొరపాటు తరచుగా కనిపిస్తుంది. మన రాజులు గడ్డి మీద కూడా పన్ను తీసుకున్నారు. అయితే పన్ను కట్టించుకున్న రాజు అడవి తనదని ఊరివాణ్ణి వెళ్లగొట్టలేదు. గడ్డి మీద పన్ను వేరు, గడ్డి వున్న నేలే ప్రభుత్వానిదనటం వేరు. ఈ రెండోది కొత్త సంగతి. దాని పుట్టుక మనకు బాగా తెలుసు.

1856లో మద్రాసు రాజధానిలో అటవీశాఖ ఏర్పడింది. క్లెగ్‌హార్న్ అనే వైద్యుడు మొదటి కన్సర్వేటరు. రైలుకట్టలకు స్లీపర్లు కావాలి, ఓడలకు టేకు కావాలి. అడవి తరిగిపోతోందన్న ఆందోళన అబద్ధం కాదు. కాని తరిగించిందెవరన్న ప్రశ్న ఆ ఆందోళనలో లేదు. 1871లో మద్రాసు రెవిన్యూ బోర్డు, ప్రభుత్వంలో భాగమే అయివుండి, ఒక నిజం రాసింది. ఈ రాజధానిలో ఏదో ఒక గ్రామం పొలిమేరలోకి రాని అడవి దాదాపు లేదనీ, జనం తరతరాలుగా అక్కడ పశువులు మేపుకుంటూ కట్టెలు తెచ్చుకుంటున్నారనీ, కొన్ని విలువైన చెట్ల జాతుల మీద తప్ప ప్రభుత్వం ఇటీవలి దాకా హక్కు చెప్పింది లేదనీ ఆ బోర్డు అభిప్రాయం. శిస్తు వసూలు చేసే శాఖకి ఊరు అడవి మీద ఎలా ఆధారపడి బతుకుతుందో తెలుసు. పశువు చస్తే సేద్యం చస్తుంది, సేద్యం చస్తే శిస్తు చస్తుంది. అది జాలి కాదు, లెక్క. అయినా ఆ లెక్కే ఆనాడు రైతు పక్షాన నిలిచింది.

ఆ మాట పదకొండేళ్లే నిలిచింది. బ్రాండిస్ అనే జర్మను అటవీ అధికారి మద్రాసు వచ్చి చూసిపోయాక 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ చట్టం పనిచేసే తీరుని మన విద్యార్థులు ఒక కథా నిర్మాణాన్ని చదివినట్టు చదవాలని నేనంటాను. ఫలానా నేలని రిజర్వు చెయ్యదలిచామని ముందు గెజెట్‌లో ప్రకటన వస్తుంది. తర్వాత ఒక సెటిల్‌మెంటు అధికారి వస్తాడు. హక్కులున్నవాళ్లు వచ్చి చెప్పుకోవాలని గడువు పెడతాడు. ఆ గడువు మూడు నెలలకు తగ్గకూడదు. గడువులోగా చెప్పుకోని హక్కు పోయినట్టే. తర్వాత తుది ప్రకటన వస్తుంది. అంతటితో ఊరి బీడు రిజర్వు అడవి అయిపోతుంది. అందులోకి పశువు పోతే 1871 నాటి పశువుల చట్టం కింద దాన్ని బందెలదొడ్డికి తోలవచ్చు.

ఇందులో దౌర్జన్యం ఎక్కడుంది? పోలీసు లేడు, లాఠీ లేదు. అడిగారు, గడువిచ్చారు, విన్నారు. దౌర్జన్యమంతా నిశ్శబ్దానికి చెప్పిన అర్థంలో వుంది. అక్షరం రానివాడు మూడు నెలలు నోరు విప్పకపోతే వాడికి హక్కు లేనట్టట! గాలి పీల్చటానికి దరఖాస్తు పెట్టుకోవాలని తోచనివాడికి గడ్డి కోసం దరఖాస్తు పెట్టుకోవాలని మాత్రం ఎలా తోస్తుంది?

మా తాత 1921లో తొమ్మిదేళ్లవాడు. నా చిన్నతనంలో ఆయన చెప్పిన సంగతుల్లో స్వరాజ్యం లేదు, గాంధీ పేరు కూడా తక్కువే. బందెలదొడ్డి వుంది. వాళ్ల ఎర్రావు కంచె దాటి పోతే ఫారెస్టోళ్లు తోలుకెళ్లారు. విడిపించటానికి మా ముత్తాత దగ్గర డబ్బు లేదు. మూడు రోజులు దొడ్డి బయట కూచున్నారట. లోపల ఆవు అరుస్తుంటే బయట దూడ అరుస్తుండేదట. "ఒరేయ్, ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో వుందిరా" అనేవాడు డెబ్భై అయిదేళ్ల వయసులో. ఇది నా కుటుంబపు జ్ఞాపకం. చరిత్రకు ఆధారంగా చూపటం లేదు. కాని పల్నాడులో మెట్టపొలాల కుటుంబాల్లో ఎవరిని కదిలించినా ఇలాంటి అరుపొకటి వినిపిస్తుంది.

1921లో సహాయ నిరాకరణ వచ్చినప్పుడు పల్నాడు ఎందుకు అంత గట్టిగా లేచిందో ఇక్కడినుంచి చూస్తే అర్థమవుతుంది. కాంగ్రెసు చెప్పినందుకు లేచిన ఊళ్లు కావు ఇవి. కాంగ్రెసు రాకముందే ఇక్కడ పుల్లరి మీద కోపం వుంది. గుంటూరు నుంచి ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు ఇక్కడికి వచ్చారు, అరెస్టయ్యారు, జైలుకి పోయారు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టనని నిలబడ్డాడు. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరా, 12న బార్దోలీ తీర్మానం. ఉద్యమం ఆగింది, శిస్తులు కట్టేయమన్నారు. హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయింది ఆ ఫిబ్రవరిలోనే, ఆ తీర్మానం తర్వాతే. ఉద్యమం నడిపే పెద్దలకు పుల్లరి ఒక కార్యక్రమం, ఆపితే ఆగేది. హనుమంతుకి అది వారం వారం దొడ్డికి పోయే పశువు. అది ఆపితే ఆగేది కాదు.

హనుమంతు గురించి పాటలొచ్చాయి, బుర్రకథలొచ్చాయి, నాటకాలొచ్చాయి. వాటిలో నేను విన్నవాటన్నిటిలో గుళ్ల లెక్క వుంది. ఎన్ని గుళ్లు తగిలాయో, ప్రాణం పోయేముందు ఏమని అరిచాడో ఊరూరికీ ఒక లెక్క, ఒక మాట. గొడ్ల లెక్క మాత్రం లేదు. మించాలపాడులో ఎన్ని పశువులుండేవి, ఎంత బీడుండేది, అందులో ఎంత రిజర్వులోకి పోయింది, తర్వాత ఏమైంది? వీరుణ్ణి నిలబెట్టటానికి వీరుడి సమస్యని మనం పక్కకి నెట్టేశాం. శిలావిగ్రహం పెట్టినచోట మేత దొరకదు.

అలాంటిదే ఇంకొకటి. 'మాలపల్లి'ని మనం ఎమ్మేలో చదివాం, చదువుకున్నవాళ్లం పాఠం చెబుతున్నాం. ఉన్నవ దాన్ని రాయవెల్లూరు జైల్లో రాశాడని, 1922లో అచ్చయిందని, ప్రభుత్వం నిషేధించిందని విద్యార్థులు గడగడా చెబుతారు. ఆయన జైలుకి ఏ కేసులో పోయాడని అడిగితే, "స్వాతంత్ర్యోద్యమం సార్" అంటారు. నేను పరీక్షలు రాసినప్పుడు నేనూ అదే రాశాను, మార్కులు కూడా వేశారు. తెలుగులో అంత పెద్ద నవల వెనక గొడ్ల మేత తగాదా వుందని చెబితే నవలకి పరువు తక్కువవుతుందా?

ప్రభుత్వం ఏమీ వినలేదని కూడా అనను. 1913లో మద్రాసు అటవీ కమిటీ ఊళ్ల మొర విన్నది, గార్డుల లంచాల సంగతీ దాని ముందుకి వచ్చింది. కొన్ని అడవుల్ని పంచాయతీలకి అప్పజెప్పే ప్రయోగం ఆ తర్వాత జరిగింది. అది మన చర్చల్లోకి రావలసినంత రాలేదు. పల్నాడు మండిన రోజుల్లోనే, ఊరి చేతికి అడవినివ్వటం సాధ్యమేనని ప్రభుత్వ కాగితాల్లోనే వుందన్నమాట.

స్వాతంత్ర్యం వచ్చాక ఏం మారింది? 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలోని 1882 చట్టాన్నీ, తెలంగాణలో నిజాం ప్రభుత్వం 1355 ఫసలీలో చేసిన చట్టాన్నీ కలిపి ఒకటి చేశారు. నేను రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ప్రకటన, సెటిల్‌మెంటు అధికారి, గడువు, తుది ప్రకటన — అస్థిపంజరం అదే. విక్టోరియా రాణిది తీసేసి మన సర్కారు ముద్ర వేసుకున్నాం. ఇద్దరు దొరల చట్టాల్ని కలిపి కుడితే ప్రజల చట్టం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక కొండ సంగతి. నాగార్జునకొండ లోయని చరిత్ర పుస్తకంలోకి తెచ్చినవాడు ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఉపాధ్యాయుడు అక్కడి పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు. ఆ తర్వాత మద్రాసు శాసన శాఖలో తెలుగు అసిస్టెంటు రంగస్వామి సరస్వతి వచ్చి చూశాడు. తవ్వకాలు మొదలయ్యాయి. మొదట లాంగ్‌హర్స్ట్, తర్వాత 1938లో టి.ఎన్. రామచంద్రన్, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం. లాంగ్‌హర్స్ట్ పేరు ప్రతి పుస్తకంలో వుంటుంది. మా వృత్తివాడి పేరు ఎక్కడో ఒకచోట వుంటుంది. స్వపక్షాభిమానమని అనుకున్నా సరే, ఈ మాట రాయక తప్పదు.

ఆ లోయలో దొరికిన శాసనాల్లో ఇక్ష్వాకు రాజవంశాన్ని నిలబెట్టిన వాసిష్ఠీపుత్ర చాంతమూలుణ్ణి కోట్ల బంగారం, లక్షల గోవులు, లక్షల నాగళ్లు దానం చేసినవాడని పొగిడారు. ఇది ప్రశస్తి కాబట్టి సున్నాలు కొన్ని కొట్టేసి చదవాలి. కాని పొగడ్తకి ఎంచుకున్న వస్తువులు చూడండి. మూడో శతాబ్దంలో ఈ నేల మీద రాజు గొప్పతనాన్ని కొలవటానికి ఆవూ నాగలీ కావలసివచ్చాయి. అడవి నరికి సేద్యం పెంచుతున్న కాలమది. ఆ గోవులు ఏదో ఒక బీట్లో మేసివుండాలి కదా. పుల్లారెడ్డిగూడెం గొడ్లు మేసిందీ ఆ చుట్టుపక్కలే. సుమారు పదిహేడు వందల ఏళ్ల తేడా వుంది గాని నేల అదే. మహాచైత్యానికి దానాలిచ్చిన చాంతిసిరి, సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిసిరి — ఈ స్త్రీల పేర్లు రాతి మీద నిలిచాయి. యుద్ధాల్లో చచ్చిన సేనానుల పేర ఛాయాస్తంభాలు నిలిచాయి. ఆవుల కాపరుల పేర్లు నిలవలేదు. అది ఆ కాలపు నేరమని సరిపెట్టుకుందాం. ఇరవయ్యో శతాబ్దంలో కొలతబద్దా, కెమేరా, టైపురైటరూ వున్న ప్రభుత్వానికి ఆ వంక కూడా లేదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. లోయ మునుగుతుందని అప్పటికే తెలుసు కాబట్టి హడావుడిగా తవ్వారు. నూరుకు పైగా చోట్ల తవ్వకాలు జరిగాయి. ఇంత పెద్ద ఎత్తున, గడువు పెట్టుకుని చేసిన తవ్వకం మన దేశంలో అంతకుముందు లేదు. తొమ్మిది కట్టడాల్ని కొండ మీదికి తెచ్చి తిరిగి కట్టారు, పధ్నాలుగింటికి నకళ్లు పెట్టారు. అవతలి ఒడ్డున ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది, దాని మీద అబ్దుల్ వహీద్ ఖాన్ పుస్తకమే రాశాడు. కొండ కేంద్రానిదీ, ఒడ్డు రాష్ట్రానిదీ అన్నట్టు పని పంచుకున్నారు. రాష్ట్రానికి 1960లో సొంత పురావస్తు చట్టం కూడా వచ్చింది. ఆ శాస్త్రజ్ఞుల శ్రమని నేను తక్కువ చెయ్యను. వాళ్లు లేకపోతే విజయపురి మనకి మాటగా కూడా మిగిలేది కాదు.

ఆనకట్ట కూడా వద్దనే మనిషిని కాను. 1967 ఆగస్టులో కాలవలకి నీళ్లొదిలాక మా మేనమామల ఊరు మారిపోయింది. జొన్న సంకటి తిన్న ఇంట్లో వరి అన్నం వండారు. మా ఊరు మాత్రం కాలవకి ఎగువన వుంది. వరికపూడిశెల ఎత్తిపోతల అనే మాట వింటూ పెరిగాం, మా పిల్లలూ దాన్నే వింటూ పెరుగుతున్నారు. సాగరు నీళ్లు మా ఊరికి కంటికి ఆనతాయి, చేనుకి ఆనవు. కాబట్టి ఆ నీటి గురించి నాకు ఒకే అభిప్రాయం వుండటం సాధ్యం కాదు.

నా తగాదా ఆనకట్టతో కాదు, నమూనాతో. దేన్ని మునగకుండా చూడాలని ఎవరు ఎలా నిర్ణయించారు? ఇటుకకి అంకె వేశారు. మనిషికి పరిహారం వేశారు. ఇటుక ఏ ఇటుక పక్కన వుండేదో రాసుకున్నారు కాబట్టే కొండ మీద మళ్లీ కట్టగలిగారు. మనిషి ఏ మనిషి పక్కన వుండేవాడో రాసుకోలేదు.

ఇది ఇంకా స్పష్టంగా శ్రీశైలంలో కనిపిస్తుంది. ప్రాజెక్టు కింద మునిగే గుళ్లని ఊడదీసి ఎత్తున కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది. నివృత్తి సంగమం దగ్గరి రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు జగన్నాథగట్టు ఎక్కింది. చాళుక్యుల శిల్పం మునిగిపోకుండా చేసిన ఆ పని నిజంగా మెచ్చుకోదగింది. ఒక్కొక్క రాయికీ గుర్తు పెట్టి, బండ్లకెత్తి, గుర్తు ప్రకారం తిరిగి పేర్చారు. అదే ముంపు ప్రాంతంలో 1981లో ఊళ్లు ఖాళీ చేయించిన కార్యక్రమానికి పెట్టిన పేరు 'ఆపరేషన్ డిమోలిషన్'. సుమారు నూరు ఊళ్ల జనం అలా లేచిపోయారు. రాతికి తరలింపు, మనిషికి కూల్చివేత! ఈ పేర్లు పెట్టింది నేను కాదు. ప్రభుత్వ భాషని శైలీశాస్త్రం కోసం చదివే విద్యార్థులెవరైనా వుంటే ఈ రెండు మాటల మీద పరిశోధన చెయ్యవచ్చు.

కొండా లోయా అయ్యాక పులి వచ్చింది. 1978లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం, 1983లో అదే పులుల రిజర్వు. అయిదు జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్లు. మా మాచర్ల కొండలు కూడా కొన్ని అందులో వున్నాయి. రాష్ట్రం విడిపోయాక అవతలిది అమ్రాబాద్ పులుల రిజర్వయింది. పులి బతకాలి. నల్లమలలో పులి బతికిందంటే చెంచు దాన్ని బతకనిచ్చాడు కాబట్టి కూడా. దొరలూ నవాబులూ తుపాకులు పట్టుకు తిరిగిన అడవిలో పులికి పొరుగువాడుగా వున్నవాడు చెంచు ఒక్కడే. హైమన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య తిరిగి 1943లో పుస్తకం వేశాడు. ఆయన సలహా మీద నిజాం ప్రభుత్వం చెంచుల కోసం ప్రత్యేకంగా ఒక రిజర్వుని కేటాయించింది. అంటే అడవిలో మనిషికి కూడా రిజర్వు ఇవ్వవచ్చునని ఒక భూస్వామ్య ప్రభుత్వానికి తోచింది. ప్రజాప్రభుత్వానికి పులికివ్వాలని తోచింది. రెండూ కలిపి ఇవ్వవచ్చునని 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా చట్టానికి తోచలేదు. ఆ చట్టంలో ఒక మంచి తిరకాసు వుంది. 1882లో సెటిల్‌మెంటు అధికారి కూచున్న కుర్చీలో అది గ్రామసభని కూచోబెట్టింది. హక్కు ఎవరిదో మొదట చెప్పేది ఊరే. కాగితం మీద నూటపాతికేళ్ల తర్వాత జరిగిన సవరణ ఇది. పెంటల్లో అది ఎంతవరకు అమలైందన్నది వేరే కథ. చెంచుల్ని అడవి బయటకి తరలించే మాట మాత్రం అప్పుడప్పుడూ వినిపిస్తూనే వుంది.

మన సాహిత్యంలో చెంచు ఎక్కడున్నాడు? అహోబిల నరసింహుడి భార్యగా చెంచులక్ష్మి వుంది. 1958లో సినిమా వచ్చింది, జనం ఎగబడి చూశారు. అందులో అడవంతా ఆమెదే. తేనె పట్టుకి పోయి కేసులో ఇరుక్కున్న చెంచు ఇంకా మన కథల్లోకి రావలసినంతగా రాలేదు. 2019లో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకి ప్రాథమిక అనుమతి వచ్చింది. చెంచు పెంట వుంటే కలత చెందే పులి, బోర్లు వేసే యంత్రాలకి కలత చెందదు కాబోలు. జనం లేచారు, కవులు కూడా లేచారు, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఆ కవితలు చాలా చదివాను. చాలావాటిలో నల్లమల తల్లి, నల్లమల పచ్చదనం, నల్లమల ఊపిరి. చెంచు ఒక విశేషణంగా వచ్చిపోతాడు. బయటివాడు చూసే అడవి అది. టిక్కెట్టు కొన్నవాడి అడవి.

ప్రభుత్వం చెయ్యకపోతే జ్ఞాపకాన్ని ఎవరు కాపాడతారని అడిగేవాళ్లకి నేను కారెంపూడి చూపిస్తాను. నాగులేటి ఒడ్డున వీరుల గుడి వుంది. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు — రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాల్ని ఎత్తుకుని ఊరూరి నుంచి వస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. వాళ్లు మాలలు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి వీరచరిత్రని అచ్చువేశాడు, మనమంతా శ్రీనాథుడు రాశాడా లేదా అని నూరేళ్లుగా వాదించుకుంటున్నాం. కాని ఆ కథని ఏ ప్రభుత్వ శాఖా రక్షించకుండా ఇన్ని వందల ఏళ్లు బతికించింది వాళ్ల గొంతులు. అక్కడ హద్దు లేదు, రుసుం లేదు. చరిత్ర వున్నచోట ఏటా మళ్లీ జరుగుతుంది.

అలాగని దీన్ని స్వర్గంగా చూపించబోవటం లేదు. మందపోరునాడు చాపకూడు తిని ఇంటికెళ్లాక ఎవరి బావి వాళ్లదే. కథ పాడేవాడి గొంతుని గుళ్లోకి రానిచ్చిన ఊరు, వాడి కొడుక్కి పొలం కౌలుకివ్వటానికి ఎంత ఆలోచించిందో నేను చూశాను. ఊరి చేతికి అడవినిస్తే ఊళ్లో పెద్దల చేతికి ఇచ్చినట్టవుతుందన్న భయం అబద్ధం కాదు. ఊళ్లో మందలున్నవాడికీ ఒక్క మేకున్నవాడికీ బీడు మీద ఒకే హక్కు వుండదు. ఈ ప్రశ్న తేల్చకుండా 'సమష్టి' అన్న మాటని మనం మరీ తేలిగ్గా వాడుతున్నామని నా అనుమానం. రెవిన్యూ బోర్డు 1871లో 'గ్రామం' అన్నప్పుడు అందులో మాలపల్లి వుందో లేదో ఎవరు చెప్పగలరు?

ఆ పిల్ల నాయనమ్మని నేను ఆ వేసవిలోనే కలుసుకున్నాను. కొండకి ఎప్పుడైనా వెళ్లారా అని అడిగాను. లేదంది. ఎందుకని అడిగితే మొదట మాట్లాడలేదు. కాసేపాగి, "మా ఊరికి నేను టిక్కెట్టు కొనుక్కోని పోవటమేందయ్యా" అంది. మనవరాలు పక్కన కూచుని నోటుబుక్కులో రాసుకుంటోంది. ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే మేతబీళ్ల పేర్లు, రేవు పేరు, రాళ్లగుట్ట పేరు, ఎండాకాలం నీళ్లు తాపే మడుగు పేరు పేజీన్నర నిండాయి. తవ్వకాల్లో కూలికి పోయినవాళ్లు వాళ్ల ఇంట్లోనే వున్నారట. రోజూ సాయంత్రం బొమ్మల్ని కడిగి ఎండబెట్టేవాళ్లట. కొండ మీద ఏం వుండేదని అడిగాను.

"కొండ మీదికి గొడ్లెక్కేయి కావు," అంది. "మేకలే."

2019లో మరో తరగతిని తీసుకెళ్లినప్పుడు ఆ నమూనా ముందు నిలబడి, మనం ఇప్పుడు నిలబడ్డచోట ఒకప్పుడు మేకలు మేసేవని చెప్పాను. ఒక పిల్లవాడు కిటికీలోంచి బయటకి చూసి, "ఇక్కడేం తినేయి సార్?" అన్నాడు. అందరం బయటికొచ్చి, కోట గోడ పక్కన ఏమేం మొక్కలున్నాయో చూసుకుంటూ లాంచీ దాకా నడిచాం.